ట్రైనింగ్ మైదానంలో మోసిన మెడికల్ బ్యాగ్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

ముందే చెప్పేస్తాను, ఇన్నేళ్లలో నా కళ్ల ముందు ఎక్కువ మందిని బతికించిన వస్తువులు ఈ బ్యాగ్‌లో పట్టేవి కావు. ఐస్, నీళ్లు, ఒక టార్పాలిన్. మిగతా సామాను గురించి కూడా రాస్తాను కానీ చదివేవాళ్లకి ఓపిక లేకపోతే ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను, ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాను. సర్వీస్‌లో సగం కాలం రంగ్రూట్ల (కొత్తగా చేరి ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాళ్ల) వెనకాలే నడిచాను. ఫైరింగ్ రేంజ్‌లో ఎర్ర జెండా ఎగురుతున్నంతసేపూ అంబులెన్స్ పక్కన నిలబడటం, రూట్ మార్చ్‌లో తోకన నడవటం, ఎక్సర్‌సైజ్ క్యాంపుల్లో టెంటులో ఎంఐ రూమ్, అంటే జబ్బు పడ్డవాళ్లని చూసే గది, నడపటం, ఇదే పని. ఈ మధ్య అగ్నివీర్ ర్యాలీలకి పిల్లల్ని తయారు చేసే అకాడమీల వాళ్లు ఫోన్ చేసి, ఆన్‌లైన్‌లో కనిపించిన నల్ల రంగు ట్యాక్టికల్ కిట్ ఫొటో పంపి ‘ఇది కొనమంటారా అన్నా’ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా.

సినిమాలు చూసి అందరూ అనుకునేది తూటా గాయం గురించి. ట్రైనింగ్‌లో తూటా గాయం చాలా అరుదు, రేంజ్ మీద క్రమశిక్షణ అంత గట్టిగా ఉంటుంది. రోజూ వచ్చేవి బొబ్బలు, మడమ బెణకడం, ముళ్లతీగ గీరుకోవడం, అబ్‌స్టకిల్ కోర్సులో పడి మణికట్టు విరగడం, వాంతులు విరేచనాలు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం వడదెబ్బ. అదీ నడి ఎండలోనే రావాలని లేదు. మబ్బు పట్టి గాలి ఆడకుండా ఉక్కగా ఉన్న పొద్దుటి పూట, పిట్టూ (వీపు సంచి) వేసుకుని రైఫిల్ పట్టుకుని 5 కిలోమీటర్లు ఉరికేటప్పుడు కూడా కుర్రాడు పడిపోతాడు. చెమట పట్టదు, ఒళ్లు పొడిగా కాలిపోతుంది అని పుస్తకంలో చదివినవాళ్లు ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే కష్టపడి ఉరికి పడిపోయినవాడు చాలాసార్లు చెమటతో తడిసి ముద్దై ఉంటాడు. చూడాల్సింది మాట, నడక. ఒకసారి నల్గొండ వైపు కుర్రాడు ఒకడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, రూట్ మార్చ్ చివర్లో ఉస్తాద్‌ని, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాణ్ని, పేరు పెట్టి బూతులు తిట్టడం మొదలుపెట్టాడు. ఉస్తాద్‌కి కోపం వచ్చింది, శిక్ష వెయ్యబోయాడు. నేను అడ్డం పోయి ‘ఉస్తాద్, వీడికి పొగరు కాదు, మెదడు వేడెక్కింది’ అన్నాను. టెంపరేచర్ చూస్తే 41 డిగ్రీల సెల్సియస్ దాటింది. శరీరం లోపల 40 డిగ్రీలు దాటి, మనిషి తికమక పడుతున్నాడంటే అది వడదెబ్బే, వేరే ఆలోచన అక్కర్లేదు.

అలాంటప్పుడు అంబులెన్స్‌లో పడేసి హాస్పిటల్‌కి ఉరికించాలని అందరికీ అనిపిస్తుంది. ముందు అక్కడే చల్లార్చాలి, తర్వాతే తరలించాలి. అరగంటలోపు 39కి దింపితే మనిషి దాదాపు దక్కినట్టే, ఆలస్యమైన కొద్దీ కిడ్నీలు, కాలేయం, కండరాలు దెబ్బతింటాయి, మూత్రం కోలా రంగులో వస్తుంది. చల్లార్చడం అంటే నుదుటి మీద తడిగుడ్డ కాదు, చంకల్లో రెండు ఐస్ ప్యాకెట్లు పెట్టడం కూడా కాదు. తొట్టి ఉంటే ఐస్ నీళ్లలో మెడ దాకా ముంచాలి, తల మాత్రం ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేకపోతే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నాలుగు మూలలా మనుషులు ఎత్తి పట్టుకుని, బకెట్ల కొద్దీ నీళ్లు, ఐస్ పోసి అటూ ఇటూ ఊపాలి, ఊయలలో బిడ్డని ఊపినట్టు. బాగా ముంచితే సుమారు 5 నిమిషాలకి 1 డిగ్రీ చొప్పున దిగుతుంది. 39 రాగానే బయటికి తీసెయ్యాలి, లేకపోతే ఇంకా కిందికి పోయి వణుకు పట్టుకుంటుంది. పారాసెటమాల్ ఇక్కడ ఏమీ చెయ్యదు, అది జ్వరానికి మందు, దీనికి కాదు.

39 అయిందని ఎలా తెలుస్తుంది? ఇక్కడే బ్యాగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన, అందరూ సిగ్గుపడే వస్తువు వస్తుంది: మలద్వారంలో పెట్టే థర్మామీటర్. కరోనా టైంలో అలవాటైన నుదుటి గన్ చెమట పట్టిన మనిషి దగ్గర తక్కువే చూపిస్తుంది, చంకలో పెట్టేదీ అంతే. మామూలు పాదరసం థర్మామీటర్ గీతలు 42 దగ్గర ఆగిపోతాయి, పైగా పిట్టూలో పగులుతుంది. సన్నటి వైరు ఉన్న డిజిటల్ ప్రోబ్ అయితే ఐస్ పోస్తున్నంతసేపూ లోపలే ఉంచి చూస్తూ ఉండొచ్చు. కోఠి సర్జికల్ షాపుల్లో అడిగితే మొదట వింతగా చూస్తారు, తర్వాత తెప్పిస్తారు. చుట్టూ దుప్పటి పట్టుకోవడానికి ఇద్దరిని నిలబెట్టండి చాలు.

ఈ థర్మామీటర్‌తో ఇంకో లాభం ఉంది. కుర్రాడు తలనొప్పి అంటున్నాడు, వాంతి చేసుకున్నాడు, అయోమయంగా ఉన్నాడు, కానీ టెంపరేచర్ మామూలుగానే ఉంది అనుకోండి, పొద్దున్నుంచీ ఎన్ని సీసాల నీళ్లు తాగాడో అడగండి. ఎండ అని భయపెడితే లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగేవాళ్లు ఉంటారు, ఒంట్లో సోడియం పడిపోతుంది. వాడికి ఇంకా నీళ్లు పట్టించడం, సెలైన్ బాటిళ్లు గబగబా ఎక్కించడం అంటే ప్రమాదాన్ని పెంచడమే. మన ఇళ్లల్లో కూడా సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్టు, కానీ మైదానంలో అది నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ పనికొచ్చింది.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం దండిగా పెట్టుకోండి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం 1 లీటర్ నీళ్లలో కలపాలి, పిల్లలు అరలీటర్ సీసాలో కొట్టేసి తాగుతుంటారు, అది తప్పు. టెట్రా ప్యాక్‌లో తియ్యగా ఉండేవాటి మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడం ఆపమని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశాలిచ్చింది, దాని వెనకాల మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఇంకా పాత స్టాక్ ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

ఇక టోర్నికే, అంటే రక్తం ఆగడానికి చేతికో కాలికో చుట్టి, కడ్డీ తిప్పి బిగించే పట్టీ. నేను చేరిన కొత్తలో ఇది ఆఖరి అస్త్రం, కడితే కాలు పోతుంది అని నేర్పారు. 1996లో అమెరికా సైన్యం వాళ్లు యుద్ధభూమి వైద్యం మీద రాసిన పద్ధతి, తర్వాత ఇరాక్, అఫ్గానిస్థాన్ అనుభవం ఆ భయాన్ని తీసేశాయి. ఇప్పుడు చేతినుంచి గానీ కాలినుంచి గానీ రక్తం చిమ్ముతుంటే అదే మొదటి పని. గాయానికి 2, 3 అంగుళాల పైన, కీలు మీద కాకుండా, ముందు పట్టీని చేత్తోనే వీలైనంత బిగించి లాగి, ఆ తర్వాత కడ్డీ తిప్పాలి. చాలామంది పట్టీ వదులుగా వదిలేసి కడ్డీనే తిప్పుతూ కూర్చుంటారు, పట్టీ మెలికలు పడుతుంది తప్ప రక్తం ఆగదు. కట్టిన టైం రాయాలి, మధ్యలో వదులు చేసి చూడకూడదు, 2 గంటల్లోపు డాక్టర్ చేతికి అందాలి. అసలైనది కొంటే మంచి వస్తువు, ఒకటే గొడవ, నకిలీలు. నా చేతిలోకి వచ్చిన ఒక చవక పీస్ డెమోలో రెండో తిప్పుకే కడ్డీ వంగిపోయింది. ఛాతీ పట్టీకి బయట తగిలించుకుని ఎండలో తిప్పితే అసలుది కూడా పాడవుతుంది. ప్రాక్టీసుకి ఒకటి, ప్రాణానికి ఒకటి వేరువేరుగా ఉంచండి, ప్రాక్టీసులో వందసార్లు తిప్పినదాన్ని నమ్మకండి. నిజం చెప్పాలంటే ట్రైనింగ్‌లో దీన్ని నిజంగా కట్టాల్సి వచ్చింది బండి బోల్తా పడినప్పుడే, మిగతా రక్తస్రావాలు గట్టిగా అదిమి పట్టుకుంటేనే ఆగాయి.

అదిమి పట్టడానికి ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్‌ని మించింది లేదు. ప్రతి జవాన్ దగ్గరా ఉండే ఆ చిన్న పొట్లంలో దూది దిండు, దానికే కుట్టిన పట్టీ, అంతే. తడిస్తే వదులవుతుంది, మళ్లీ బిగించాలి. సాగే పట్టీ ఉన్న కొత్త రకాలు ఇంకా బాగుంటాయి. ఛాతీలో రంధ్రం పడితే మూయడానికి అంటించే సీల్స్ మాత్రం నేను తేదీ దాటిపోయి పారేసినవే ఎక్కువ, అకాడమీలకి అవసరమే లేదు.

రాత్రి క్యాంపుల్లో పాము సంగతి విడిగా చెప్పాలి. కట్లపాము కాటు నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి, ఏదో తిన్నది పడలేదు అనుకుంటారు. నేల మీద పడుకున్న కుర్రాడు అలా లేస్తే ఆలోచించకుండా హాస్పిటల్‌కి బయల్దేరదియ్యండి. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, కాలు కదలకుండా కర్ర కట్టి పంపండి. పాము విషానికి విరుగుడైన యాంటీ వీనమ్‌ని బ్యాగ్‌లో పెట్టుకుని మైదానంలో ఎక్కించడం నేను ఒప్పుకోను, అది పడకపోతే తట్టుకునే ఏర్పాటు హాస్పిటల్‌లోనే ఉంటుంది.

స్ట్రెచర్ గురించి ఎవరూ అడగరు. రాజస్థాన్‌లోని మహాజన్ లాంటి ఫైరింగ్ రేంజ్‌లో ఇసుకలో నలుగురు మనిషిని మోసుకెళ్లి చూడండి, రెండొందల గజాలకే చేతులు జారిపోతాయి. మోసేవాళ్లు మారడానికి ఇంకో నలుగురు ఉండాలి, ఖాళీ రోజున ఒకసారి మోసి చూసి ఉండాలి. డ్రైవర్‌కి ఏ గేటు తెరిచి ఉంటుందో తెలియాలి. రేంజ్‌ల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, వైర్‌లెస్ సెట్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

బ్యాగ్‌లో పట్టని ఇంకోటి, పొద్దున ఫాలిన్‌లో, అంటే అందరూ వరసలో నిలబడ్డప్పుడు, అడిగే ప్రశ్న. రాత్రి విరేచనాలైనవాడు, జ్వరం తగ్గీ తగ్గనివాడు, సెలవు నుంచి నిన్ననే వచ్చినవాడు, వీళ్లకే ముందు వడదెబ్బ తగులుతుంది. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. కానీ రెలిగేషన్ భయంతో, అంటే వెనక బ్యాచ్‌లోకి నెట్టేస్తారని, ఎవడూ చెప్పడు. అందరి ముందు అడిగితే అస్సలు చెప్పడు, పక్కకి పిలిచి ‘ఏంరా తమ్మీ, కడుపు బాగుందా’ అంటే చెప్తాడు.

అకాడమీల వాళ్లకి నేను చెప్పేది ఇది. ఆ నల్ల కిట్ డబ్బుతో ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి, మందం టార్పాలిన్, ప్రోబ్ థర్మామీటర్, క్రేప్ బ్యాండేజీలు, ఓఆర్ఎస్, ఒక అసలైన టోర్నికే కొనండి. ఐస్ దిమ్మ రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర తెల్లవారుజామునే దొరుకుతుంది, థర్మోకోల్ పెట్టెలో మీ రన్నింగ్ అయిపోయేదాకా ఉంటుంది. ర్యాలీ కోసం చేయించే 1.6 కిలోమీటర్ల పరుగు టైమింగ్ ట్రయల్ ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 6 లోపే ముగించండి. 108కి ఫోన్ చెయ్యండి, కానీ బండి వచ్చేదాకా ఐస్ పోస్తూనే ఉండండి. మొన్న అల్వాల్ వైపు ఒకాయన అన్నీ విని, తొట్టి కొంటాను గానీ ఆ థర్మామీటర్ మాత్రం నా వల్ల కాదు సార్ అన్నాడు. సరే, అదొక్కటీ నేను వచ్చి చూపిస్తానన్నా, ఆదివారం రమ్మన్నాడు.