తరీఫాలోని లాస్ లాన్సెస్ తీరం: వింగ్ ఫాయిలింగ్‌కు ఏ గాలి మంచిది?

స్పెయిన్ దక్షిణపు కొసన, అతి ఇరుకైన చోట సుమారు 14 కిలోమీటర్ల వెడల్పే ఉండే జిబ్రాల్టర్ జలసంధి ఒడ్డున వెలసిన తరీఫాలో, లాస్ లాన్సెస్ తీరాన్ని వింగ్ ఫాయిలింగ్ (చేత పట్టిన గాలి రెక్క సాయంతో, అడుగున ఫాయిల్ అనే నీటి రెక్క ఉన్న బోర్డుపై నీటి మీదికి లేచి సాగే క్రీడ) సాధన చేసేవారికి నేను మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. అయితే పొనియెంతే అనే పడమటి గాలి వీచే రోజుల్లో మాత్రమే. అట్లాంటిక్ మీదుగా వచ్చే ఆ గాలి చల్లగా, నిలకడగా ఉండి, పట్టు తప్పినవారిని తిరిగి ఒడ్డు వైపే చేరుస్తుంది. లెవాంతే అనే తూర్పు గాలి స్వభావం వేరు. అది జలసంధిలో ఇరుకున పడి వేగం పుంజుకొని, కుదుపులతో మనిషిని ఒడ్డు నుంచి నడిసంద్రం వైపు తోస్తుంది కనుక, ఎంత నైపుణ్యం ఉన్నవారైనా రక్షణ పడవ అందుబాటులో లేనిదే దిగడం నాకు సమ్మతం కాదు.

లోతు విషయాన్ని చాలామంది పట్టించుకోరు. బోర్డు కింద ఫాయిల్‌ను మోసే స్తంభం సాధారణంగా 70 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, వాలు తక్కువగా ఉన్న ఈ ఒడ్డున, ముఖ్యంగా సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో, నడుము లోతు దాటేవరకు బోర్డును పక్కకు వాల్చి నడిపించుకుంటూ వెళ్లాలి. బంగాళాఖాతపు గోరువెచ్చని నీటికి అలవాటుపడిన మనవారు వేసవిలోనైనా ఒంటి వేడిని నిలిపే వెట్‌సూట్ అనే బిగుతు దుస్తులు తప్పక తీసుకెళ్లాలి.