చలికాలం క్యాంపర్ ప్రయాణం: చెమ్మ పట్టే బసలు, పట్టని బసలు

చలికాలంలో క్యాంపర్‌లో, అంటే పడక, వంట ఏర్పాట్లున్న బండిలో, తిరిగేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చలి కాదు, చెమ్మ. చలికి హీటర్ ఉంది, దుప్పట్లు ఉన్నాయి. పొద్దున లేచేసరికి అద్దాల మీంచి నీళ్లు కారి పరుపు అంచు తడిసిపోతే మాత్రం ఆ రోజంతా ఆరబెట్టుకోవడంతోనే సరిపోతుంది. ఈసారి ప్రయాణంలో ఇద్దరం సరస్సు ఒడ్డున, కొండ వాలు మీద, అడవిలో, కరెంటు కనెక్షన్ ఇచ్చే క్యాంప్‌సైట్లలో బస చేశాం. రాత్రి ఉష్ణోగ్రత అన్నిచోట్లా సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంది. బండి అదే, హీటర్ అదే. చెమ్మ మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. అందుకే పరికరాల కన్నా ముందు బసల సంగతి చెబుతున్నాను.

సరస్సు ఒడ్డు అన్నిటికన్నా అందంగా ఉంది, చెమ్మ విషయంలో అన్నిటికన్నా కష్టంగానూ ఉంది. మబ్బూ గాలీ లేని రాత్రుల్లో చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగి అక్కడే నిలిచిపోతుంది. నీళ్ల మీంచి లేచే తేమ దానికి తోడైతే తెల్లవారేసరికి పొగమంచు కమ్ముకుంటుంది. బండి రేకు, కిటికీ ఫ్రేములు రాత్రంతా చల్లబడుతూనే ఉంటాయి. మన ఊపిరిలోంచి వచ్చిన ఆవిరి వాటికి తగలగానే నీరైపోతుంది. పొగమంచు విడిచేసరికి పొద్దెక్కింది, అప్పటిదాకా ఏదీ ఆరలేదు.

అక్కడి నుంచి కాస్త పైకెక్కి, తూర్పుకు తిరిగి ఉన్న వాలు మీద బండి ఆపితే పరిస్థితి చాలా మారింది. పల్లంలో చల్లగాలి పేరుకున్న రాత్రి వాలు మీద కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉండటం మామూలే. పైగా అక్కడ కొద్దిగా గాలి కదులుతూ ఉంటుంది, అదే పైకప్పుకున్న గాలి రంధ్రం (రూఫ్ వెంట్) లోంచి లోపలి ఆవిరిని లాగేస్తుంది. పొద్దున్నే ఎండ ముందు అద్దం మీద పడితే మిగిలిన తడి కూడా త్వరగా పోతుంది. దారిలో ఇలాంటి చోటు దొరికితే నేను సరస్సును పగలు చూసి, రాత్రికి పైకి వచ్చేస్తాను.

అడవి బస ఈ రెంటికీ మధ్యస్థం. కొమ్మలు కప్పి ఉండటంతో బండి పైకప్పు ఆకాశానికి వేడిని అంతగా కోల్పోదు, మంచు కూడా తక్కువ పడుతుంది. కానీ ఎండ రాదు, తడి జాకెట్లు ఆరవు. ఒక రాత్రికి పర్వాలేదు.

ఇంతకీ ఈ నీళ్లన్నీ ఎక్కడివి? ఎక్కువ భాగం మనవే. ఇద్దరు నిద్రపోతే ఊపిరి, చర్మం ద్వారా తెల్లవారేలోపు అర లీటరు నుంచి లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. వంట ఆవిరి వేరే. గ్యాస్ పొయ్యి మంటలోనూ నీరు పుడుతుంది. ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. కాబట్టి పొగ బయటికి పోని గ్యాస్ హీటర్‌తో బండిని వెచ్చబెట్టుకోవడమంటే లోపల నీళ్లు చల్లుకోవడమే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రమాదం అంతకన్నా పెద్దది. పొయ్యిని హీటర్‌గా ఎప్పుడూ వాడకూడదు, గాలి కోసం తయారీదారు వదిలిన రంధ్రాలు మూయకూడదు, ఆ వాయువును పసిగట్టే అలారం తప్పకుండా ఉండాలి. మా బండిలో ఉన్నది డీజిల్ హీటర్. మంట మూసిన గదిలో మండి, పొగ గొట్టం ద్వారా బయటికి పోతుంది. లోపలికి వచ్చేది పొడి వేడి మాత్రమే.

చలికి భయపడి కిటికీలన్నీ బిగించేయడం చాలామంది చేసే పని. బయట పొగమంచు ఉంటే మరీను, తలుపు తీస్తే తేమ లోపలికి వస్తుందని టెన్షన్ పడతారు. నిజానికి జరిగేది వేరు. 20 డిగ్రీల గాలి ఘనమీటరుకు దాదాపు 17 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు, సున్నా డిగ్రీల గాలి 5 గ్రాములకు మించి పట్టుకోలేదు. అంటే బయటి గాలి పూర్తిగా తడిసి ఉన్నా, లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కేసరికి దాని తేమ అది పట్టుకోగలిగినదానిలో 30 శాతం లోపుకు పడిపోతుంది. ఆ పొడిగాలి లోపలి ఆవిరిని పీల్చుకుని రూఫ్ వెంట్‌లోంచి బయటికి పోవాలి. అందుకే రాత్రంతా ఆ వెంట్ ఫ్యాన్‌ను అతి తక్కువ వేగంలో పెట్టి, బండి రెండో చివర ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉంచాం. డీజిల్ కాస్త ఎక్కువ కాలింది. అది దండగ కాదు, పొడి పరుపు కోసం పెట్టిన ఖర్చు.

తేమ శాతం చూపే హైగ్రోమీటర్ ఒకటి పడక దగ్గర ఉంచుకోవడం మంచిది. మేం 60 శాతం దాటకుండా చూసుకున్నాం. 20 డిగ్రీల దగ్గర 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ చోటైనా నీరు పడుతుంది. ఇనుప ఫ్రేములు, స్క్రూ తలలు, ముందు సీట్ల దగ్గరి ఒంటి పొర అద్దాలు అన్నిటికన్నా ముందు తడుస్తాయి. ముందు అద్దానికి లోపలి వైపు కట్టే తెర చలిని ఆపుతుంది కానీ అద్దాన్ని ఇంకా చల్లబరుస్తుంది, తెర వెనక నీరు నిలుస్తుంది. బయటి నుంచి కప్పే కవర్ చాలా నయం. పరుపు కింద చెక్క పలకకు బదులు సందులున్న పట్టీలు ఉండాలి, లేకపోతే బూజు మొదట పట్టేది అక్కడే. పొద్దున అద్దాలు తుడిచిన గుడ్డను బయటే పిండి బయటే ఆరేయాలి. లోపల ఆరేస్తే తుడిచిన నీరంతా మళ్లీ గాలిలోకే వస్తుంది.

ఇక క్యాంప్‌సైట్ల సేవలు. వాన రోజంతా కురిసినప్పుడు కరెంటు కనెక్షన్ ఉన్న బసకు డబ్బు పెట్టడం సబబే. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే దాదాపు 1,380 వాట్లు. గాలిలోని తేమ తీసే యంత్రాల్లో (డీహ్యూమిడిఫైయర్లలో) తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకానికి, ఒక చిన్న హీటర్‌కు అది సరిపోతుంది. ఫ్రిజ్‌లా గాలిని చల్లబరిచి తేమ తీసే కంప్రెసర్ రకం చలిలో సరిగా పనిచేయదు, దాని కాయిల్‌కు మంచు పట్టేస్తుంది. కరెంటుతో చల్లబడే చిన్న పలకతో పనిచేసే పెల్టియర్ రకం చిన్న డబ్బాలు లాగే నీరు ఇద్దరి ఊపిరికి కూడా చాలదు, నేనైతే కొనమని చెప్పను. తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసి ఉంచిన అల్మరాలో, బండి వాడకుండా నిలిపినప్పుడు పనికొస్తాయి, అంతవరకే.

మేం దిగిన ఒక సైట్‌లో ఏడాది పొడవునా తెరిచే ఉంటుందని బోర్డు ఉంది. స్నానాల గదుల హీటర్‌ను మాత్రం సాయంత్రమే ఆపేశారు. బండిలోనే స్నానం చేయాల్సి వచ్చింది, దాంతో అద్దాలన్నీ తడిశాయి. మరో సైట్ సాదాసీదాగానే ఉన్నా, బట్టలు ఆరేసుకునే వెచ్చని గది ఉంది. బూట్లు, జాకెట్లు రాత్రి అక్కడే వదిలేశాం, ఆ పొద్దున అద్దాలు దాదాపు పొడిగా ఉన్నాయి. కనెక్షన్, వైఫై ఎలా ఉన్నాయో అందరూ అడుగుతారు. చలికాలంలో బుక్ చేసే ముందు స్నానాల గది రాత్రి కూడా వెచ్చగా ఉంటుందా, బట్టలు ఆరేసుకునే గది ఉందా అన్న రెండూ అడగండి. రెంటికీ ఔనంటే మిగతా సౌకర్యాలు తక్కువైనా ఆ సైట్‌నే తీసుకోండి.