క్లోన్ సింథ్‌లకు "ప్రీ-బుకింగ్" అంటూ అడ్వాన్స్ అడిగే వాళ్లతో జాగ్రత్త

పాత అనలాగ్ సింథసైజర్ల (ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించే వాయిద్యాలు, ముద్దుగా సింథ్‌లు) చౌక క్లోన్‌ల కోసం, అంటే వేరే కంపెనీలు చేసే నకళ్ల కోసం, ఎదురుచూస్తున్న వాళ్లు, ముఖ్యంగా మన ఊళ్ల నుంచి ఎవరో ఒక రీసెల్లర్ ద్వారా తెప్పించుకునే వాళ్లు, డబ్బు పంపే ముందు ఇది చదవండి. కంపెనీ ఇంకా అమ్మకానికే పెట్టని ఒక కీబోర్డ్ మోడల్‌కి "ఫస్ట్ బ్యాచ్ బుకింగ్" అని చెప్పి ఒక రీసెల్లర్ నా దగ్గర సగం డబ్బు ముందే తీసుకున్నాడు. నెలలు గడిచాక వచ్చింది వేరే వస్తువు, అది కూడా ఎవరో వాడేసినది. డబ్బు ఇంకా వెనక్కి రాలేదు.

ఆ మోడల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో తయారీ కంపెనీ తప్పు ఏమీ లేదు. తప్పంతా మధ్యలో ఉన్నవాడిదే.

మనకు ఇంత ఆత్రం ఎందుకో అందరికీ తెలుసు. మూగ్ కంపెనీ చేసిన పేరున్న సింథ్ మినీమూగ్ మోడల్ డి 1970లో వచ్చింది, 1981లో ఆగిపోయింది. మూగ్ కంపెనీయే 2016లో దాన్ని మళ్లీ తయారు చేస్తే ధర దాదాపు 3,500 డాలర్లు. బెరింగర్ అనే కంపెనీ మోడల్ డి పేరుతోనే క్లోన్ తెచ్చాక అదే తరహా మూడు ఆసిలేటర్లు (స్వరాన్ని పుట్టించే భాగాలు), అదే తరహా ల్యాడర్ ఫిల్టర్ (శబ్దం రంగు మార్చే భాగం) సుమారు 300 డాలర్లకు దొరికాయి. రోలాండ్ కంపెనీ బాస్ సింథ్ టీబీ-303 సంగతీ అంతే, 1984కల్లా ఆపేసిన ఆ చిన్న డబ్బా పాతది కొనాలంటే వేల డాలర్లు అడుగుతున్నారు, దానికి బెరింగర్ చేసిన క్లోన్ టీడీ-3 మాత్రం 2019లో 149 డాలర్లకు వచ్చింది. ఇంత తేడా కళ్లముందు ఉంటే కొత్త ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఆశ పుట్టడం సహజం. నాకైతే చిన్నప్పటి నుంచి వింటున్న ఆ లావుపాటి బాస్ శబ్దం నా గదిలో, నా చేతి కింద మోగాలని ఎంత కోరికో మాటల్లో చెప్పలేను. ఈ ఆశ మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి. ప్రకటన వేరు, విడుదల వేరు. బెరింగర్ లాంటి కంపెనీ ప్రోటోటైప్ (తొలి నమూనా) దశలోనే ఫొటోలు, వీడియోలు బయట పెడుతుంది. ఒబర్‌హైమ్ కంపెనీ పాత సింథ్ ఓబీ-ఎక్స్ఎకి బెరింగర్ చేసిన క్లోన్ యూబీ-ఎక్స్ఎ గురించి కొన్నేళ్ల పాటు వింటూనే ఉన్నాం, అది నిజంగా షాపుల్లోకి వచ్చింది 2023 చివర్లో. రోలాండ్ పాత సింథ్ ఎస్‌హెచ్-101కి చేసిన క్లోన్‌ని మొదట ఎంఎస్-101 అని చూపించారు, తర్వాత ఎంఎస్-1 అయింది. అంటే మధ్యలో పేరు మారొచ్చు, ధర మారొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. కంపెనీయే తేదీ చెప్పని వస్తువుకి ఒక రీసెల్లర్ "వచ్చే నెల 15కి మీ ఇంట్లో ఉంటుంది" అంటున్నాడంటే ఆ తేదీ అతను కల్పించిందే.

నా విషయంలో జరిగింది ఇదీ. ముందు కంపెనీ విడుదల చేసిన ఫొటోలే పంపి, స్టాక్ తన చేతిలో ఉన్నట్టు మాట్లాడాడు. అడ్వాన్స్ యూపీఐలో, షాపు ఖాతాకి కాకుండా ఒక వ్యక్తి ఖాతాకి వేయించుకున్నాడు. బిల్లు అడిగితే వస్తువుతో పాటు వస్తుందన్నాడు. గడువు దాటాక "తర్వాతి బ్యాచ్" అన్నాడు, ఆ తర్వాత కస్టమ్స్‌లో ఆగింది, డ్యూటీ కింద ఇంకొంత కట్టాలన్నాడు. ఎయిర్‌వే బిల్ నంబర్ (విమానంలో వచ్చే సరుకు రవాణా నంబర్), బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) కాపీ పంపమని అడిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. సరుకు నిజంగా కస్టమ్స్‌లో ఉంటే ఈ రెండూ చూపించడం పెద్ద పని కాదు, అందుకే అక్కడే నాకు విషయం అర్థమైంది, ఆ రెండో మొత్తం కట్టలేదు.

ఫిర్యాదు చేస్తానన్నాక ఒక పెట్టె పంపాడు. అందులో ఉన్నది కీలు లేని మాడ్యూల్, నేను బుక్ చేసింది కీబోర్డ్ ఉన్న మోడల్. ఈ తేడా తెలియని వాళ్లు ఇంకా ఎక్కువ మోసపోతారు కాబట్టి చెప్తున్నా: బెరింగర్ మోడల్ డిలో కీబోర్డ్ ఉండదు, స్పీకర్ ఉండదు, చేసుకున్న శబ్దాన్ని సేవ్ చేసుకునే మెమరీ కూడా ఉండదు. 37 కీలు, నాలుగు ఆసిలేటర్లు ఉన్నది అదే కంపెనీ పాలీ డి. ముందు ప్యానెల్ చూస్తే రెండూ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి కాబట్టి ప్యానెల్ వరకే కట్ చేసిన ఫొటో పెట్టి రెండో దాని ధరకు మొదటిది అంటగట్టడం తేలిక. మోడల్ పేరు పూర్తిగా రాయించుకోండి, వెనక వైపు సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో అడగండి.

నాకు వచ్చిన దానిలో నాబ్‌లు వదులుగా ఉన్నాయి, రెండో ఆసిలేటర్ పై ఆక్టేవ్‌లకు (స్థాయిలకు) వెళ్లే కొద్దీ శ్రుతి తప్పుతోంది. అనలాగ్ సింథ్ ఆన్ చేసిన వెంటనే కొంచెం అటూ ఇటూ పోవడం మామూలే, ఓ ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. ఆ తర్వాత మిక్సర్‌లో ఒక్కో ఆసిలేటర్‌నే ఉంచి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని ఒకే స్వరాన్ని ప్రతి ఆక్టేవ్‌లో వాయించి చూడండి. కింద సరిగ్గా ఉండి పైకి వెళ్లే కొద్దీ తప్పుతుంటే అది క్యాలిబ్రేషన్ (లోపలి అమరిక) లోపం, ట్యూన్ నాబ్ తిప్పితే పోదు, లోపల సరిచేయాలి. డీలర్ బిల్లు లేకపోతే వారంటీ కూడా అడగలేం, ఇలాంటివి బాగు చేసే టెక్నీషియన్ మన దగ్గర దొరకడం ఎంత కష్టమో తెలిసిందే కదా.

తిరిగి తీసుకోమంటే "కస్టమర్ మనసు మార్చుకున్నారు" అని రాసి సగానికి సగం కోత పెడతానన్నాడు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీశాను, చాట్ అంతా దాచుకున్నాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు తీసుకుని పూర్తిగా మాయమైపోయిన కేసైతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి, అది సైబర్ మోసాల నంబర్, ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. తప్పనిసరిగా ముందే కట్టాల్సి వస్తే క్రెడిట్ కార్డుతో, షాపు పేరు మీదే కట్టండి, వస్తువు రాకపోతే బ్యాంకులో వివాదం లేవనెత్తే దారి ఉంటుంది. వ్యక్తి ఖాతాకి యూపీఐ చేస్తే ఆ దారి ఉండదు.

ఇదే పద్ధతిలో, ముందు కంపెనీ ఫొటోలు, తర్వాత బ్యాచ్ కబుర్లు, ఆ తర్వాత కస్టమ్స్ పేరుతో రెండో మొత్తం, ఎవరికైనా జరుగుతుంటే ఆ రెండో మొత్తం మాత్రం కట్టకండి. చాట్ డిలీట్ చేయకుండా ఉంచి నాకు మెసేజ్ పెట్టండి, అందరం కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం, నేను కాగితాలు సిద్ధం చేస్తున్నాను.