తలసరి ఆదాయమా, బహుముఖ సూచీనా, ఖర్చు సర్వేనా: పేదరికం లెక్కకు ఏది మేలు?

హనుమకొండలో గ్రూప్స్‌కు చదువుతున్న వాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: పేదరికం తగ్గిందా అంటే ఏ లెక్క చూపాలి సార్?

తలసరి ఆదాయం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రంగారెడ్డి జిల్లాలో కంపెనీల రాబడిని అక్కడి జనాభాతో భాగిస్తే, చేతికి రూపాయి రాకుండానే అడ్డా కూలీ కూడా ఉన్నోడైపోతాడు. రాష్ట్రాలను పోల్చుకోవడానికైతే సరే.

బహుముఖ పేదరిక సూచీ నయం. పోషణ, చదువు, వంటగ్యాస్, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా లాంటి 12 అంశాలు చూస్తుంది. నీతి ఆయోగ్ లెక్కన తెలంగాణలో 2015-16లో 13.18 శాతం ఉన్న పేదలు 2019-21 నాటికి 5.88 శాతానికి తగ్గారు. మంచి మార్పే, కాదనను. అయితే ఒకసారి వచ్చిన కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా మళ్లీ ఎక్కడికీ పోవు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర కూలిన ఏడాది కూడా కౌలు రైతు ఆ లెక్కలో పేదవాడు కాడు.

నా మటుకు అసలు పరీక్ష అదే: చెడ్డ ఏడాది ఆ లెక్కకు కనబడుతుందా? అందుకే ఇంటి ఖర్చుల సర్వే వైపే నా మొగ్గు. 2023-24లో దేశంలోని పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు. సగటు దగ్గరే ఆగకండి. అట్టడుగు 5 శాతం మంది ఖర్చు 1,677, పై 5 శాతానిది 10,137.

దీనికీ చిల్లులున్నాయి. రైతు పంట అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి (కమీషన్ ఏజెంటు) తక్‌పట్టీలోనే, అంటే అమ్మకం చిట్టీలోనే, పాత బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. ఆ ఇంట్లో ఉద్దెరకు తెచ్చిన నూనె, పప్పు కూడా ఖర్చు కిందే రాస్తారు. అప్పు పుట్టినన్నాళ్లు దెబ్బ దాగుతుంది; పుట్టనప్పుడు కూరలో, బట్టలో కోత పడి బయటపడుతుంది. ఆలస్యంగానైనా కనబడుతుంది కదా!

ఇక అసమానత. అదే సర్వేలో పట్టణాల్లో ఖర్చుల గిని (అంతరాన్ని కొలిచే అంకె; 0 అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒక్కరిదే) 0.284 మాత్రమే. ఇది చూపి దేశంలో అంతరాలు తగ్గాయనే వాళ్లతో నాకు పేచీ. ఉన్నోళ్లు సంపాదనలో చాలా భాగం ఖర్చే పెట్టరు, భూముల్లో, షేర్లలో పెడతారు. ఆదాయపన్ను వివరాలు కూడా కలిపి వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వేసిన అంచనాలో, 2022-23లో పై 1 శాతం వాటా దేశ ఆదాయంలో 22.6 శాతం. అసమానత మీద ప్రశ్న వస్తే ఈ అంకె లేకుండా జవాబు రాయొద్దు.

టెండూల్కర్ కమిటీ పద్ధతిలో వేసిన పేదరిక గీత (2011-12లో పల్లెల్లో మనిషికి నెలకు 816 రూపాయల ఖర్చు) చరిత్ర కింద ఒక లైన్ రాస్తే చాలు.