బరంపురం ఠాకురాణీ యాత్ర: పుట్టింటికొచ్చిన అమ్మవారు, దోచుకున్న లాడ్జి

ఒడిశాలోని బరంపురంలో ఠాకురాణీ యాత్రకి, అంటే అక్కడి అమ్మవారి జాతరకి, వెళ్లాలనుకునేవాళ్లకి ముందు లాడ్జి సంగతి చెప్పాలి. ఆ ఊరు మాకెంత నచ్చిందో, ఆ లాడ్జి అంత ఒళ్లు మండించింది.

విజయనగరం నుంచి నేను, మా ఆవిడ, అత్తయ్య, బావమరిది వెళ్లాం. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో రెండు రూములు ఆన్‌లైన్‌లో బుక్ చేశాను, ఒక్కోటి 1,350 రూపాయలు. మెసేజ్ కూడా వచ్చింది. తీరా వెళ్తే కౌంటర్లో ఉన్నతను "యాత్ర రోజులండీ, రూమ్ 2,400" అన్నాడు. మెసేజ్ చూపిస్తే ఫోన్ వైపు కన్నెత్తి చూడలేదు. అప్పటిదాకా శుభ్రంగా తెలుగు మాట్లాడినవాడు, గొంతు పెంచి అడిగేసరికి ఒడియాలోకి దిగిపోయాడు. ఇక మా మాట అతనికి అర్థం కాదట! ఆ రాత్రి ఊళ్లో ఇంకెక్కడా రూమ్ దొరకదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. కట్టాం. అత్తయ్యకి పరుపు వేయమంటే ఇంకో 300 అడిగి దుప్పటి ఒక్కటి ఇచ్చారు. పొద్దున తొమ్మిదిదాకా కుళాయిలో నీళ్లు లేవు. వెళ్లేటప్పుడు రసీదు అడిగితే దాని మీద మాత్రం 1,350 అనే రాసిచ్చాడు. అదనంగా గుంజిన డబ్బుకి కాగితం లేదు. అత్తయ్య ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

యాత్రకి వెళ్తే ఇచ్ఛాపురంలో బస చేయండి. బరంపురానికి పాతిక కిలోమీటర్లు, రైలూ బస్సూ ఉన్నాయి. లేదంటే గోపాల్‌పూర్ బీచ్ దగ్గర చూసుకోండి. బరంపురంలోనే ఉండాలంటే ముందురోజు ఫోన్ చేసి యాత్ర రేటు ఎంతో వాళ్ల నోటితోనే చెప్పించి, వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇక అసలు సంగతి. బుఢీ ఠాకురాణీ యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది. చాలా రోజులు సాగుతుంది, మొదలూ ముగింపూ పంచాంగం చూసి నిర్ణయిస్తారు. అమ్మవారికి పాత బరంపురంలో గుడి ఉంది. కానీ యాత్ర రోజుల్లో అమ్మ గుడిలో ఉండదు, దేశీ బెహరా వీధిలో వేసిన పందిరి గుడికి వస్తుంది. దేశీ బెహరా అంటే అక్కడి నేతపనివాళ్ల కులపెద్ద. ఆయన అమ్మవారికి తండ్రి వరస. ఆయనా, ఆయన భార్యా కులపెద్దలతో గుడికి వెళ్లి, పుట్టింటికి రమ్మని కూతుర్ని పిలుస్తారు. అమ్మ వచ్చి ఉన్నన్నాళ్లూ ఆ వీధి మొత్తం ఆడపిల్ల వచ్చిన ఇల్లే.

ఈ వరస ఎక్కడిది? బరంపురం ఒకప్పుడు మహురి రాజుల ఏలుబడిలో ఉండేది. పట్టు నేయడానికి రాజులు గోదావరి వైపు నుంచి తెలుగు నేత కుటుంబాలని పిలిపించుకున్నారని అక్కడ అందరూ చెప్పేమాట. వచ్చినవాళ్లకి భూమి లేదు, చుట్టం లేడు, మగ్గమే ఆధారం. అలాంటివాళ్లు ఊరి దేవతని తమ ఇంటి ఆడపిల్లని చేసుకున్నారు. ఊరి దేవతే కూతురైనప్పుడు ఊళ్లో మిమ్మల్ని పరాయివాళ్లని ఎవరనగలరు? రెండేళ్లకోసారి ఊరంతా ఆ వీధికి నడిచివచ్చి ఆ చుట్టరికాన్ని ఒప్పుకుంటోంది. వలస వచ్చినవాళ్ల చరిత్ర ఇంత గౌరవంగా బతికి ఉన్న చోటు నేనింకొకటి చూడలేదు.

మా విజయనగరం వాళ్లకి ఇది కొత్తగా ఉండదు. పైడితల్లమ్మ మా రాజుల ఆడపడుచు అనే కదా చెప్పుకుంటాం. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది, తాండ్ర పాపారాయుడి చేతిలో పెద విజయరామరాజు పోయాడు, అన్న పోయాడని తెలిసి ఆ తల్లి పెద్దచెరువులో కలిసిపోయిందని మా నమ్మకం. యుద్ధం తేదీ తెలియని ముసలమ్మలు కూడా సిరిమాను రోజు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అత్తయ్య కూడా దేశీ బెహరా వీధిలో పందిరి ముందు నిలబడి, "మన అమ్మే" అంది. లాడ్జి కోపం అక్కడితో పోయింది.

రాత్రి ఊరేగింపు చూడకుండా రావద్దు. ఆడవాళ్లు కలశాలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతారు, ప్రతి గడపలోనూ పసుపునీళ్లతో ఎదురొస్తారు. మొక్కుకున్నవాళ్లు వేషాలు వేస్తారు. కృష్ణుడు, నరసింహస్వామి, పులి. ఒళ్లంతా పసుపురంగు, దాని మీద నల్లచారలు. ఆ పులులు డప్పు దెబ్బకి గాల్లోకి లేస్తుంటే బావమరిది వీడియో తీయడం మాని తనే ఊగిపోయాడు. నాకు మాత్రం ఒక పిల్ల గుర్తుండిపోయింది. నాలుగేళ్లుంటాయేమో, అమ్మవారి వేషం. మొహాన రంగు, అట్టతో చేసిన కిరీటం. తండ్రి భుజం మీద నిద్రపోతోంది, కిరీటం జారకుండా ఆయన ఒక చేత్తో పట్టుకునే నడుస్తున్నాడు. దారిలో జనం ఆ నిద్రపోతున్న పిల్ల కాళ్లకే దణ్ణం పెడుతున్నారు.

మర్నాడు ఒక నేత ఇంటికి వెళ్లాం. ముందుగదిలో గుంటమగ్గం. ఇంటి పెద్దాయన మా అత్తయ్యని "రా అమ్మా, కూకో" అని పిలిచి ముందు మంచినీళ్లిచ్చాడు. బరంపురం పట్టుచీరకి అంచు మీద గుడి గోపురాల వరస ఉంటుంది. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. గోపురం మొన ఒంటి రంగులోకి తేటగా చొచ్చుకుపోవాలంటే వేరువేరు నాడెలతో (అడ్డపోగుని అటూ ఇటూ నడిపే పనిముట్లు) పేక, అంటే ఆ అడ్డపోగు, వేయాలి, ఒక్కడి వల్ల కాదు. ఆయన చేయి అంచు దగ్గరకొచ్చేసరికి నెమ్మదిస్తుంది, వేలిగోటితో పోగు సర్దుతాడు, మళ్లీ ఊపందుకుంటుంది. "ఈ పని నా కొడుక్కి రాదు బాబూ, ఆడు సూరత్‌లో ఉన్నాడు" అన్నాడు. చీర 8,200 చెప్పాడు. మా ఆవిడ బేరమాడబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. ఇలాంటి చీరే మెయిన్‌రోడ్డు షోరూమ్‌లో 11,500 ఉంది. వీధిలోనే కొనండి, బేరం ఆడకండి.

తిండికి ఇబ్బంది లేదు. బండి మీద ఉప్మా, దాని మీద బఠాణీల ఘుగుని పోసి ఇస్తారు, ప్లేటు 30 రూపాయలు. మొదట వద్దన్న బావమరిది రెండో ప్లేటు తిన్నాడు. అప్పడాలూ ఊరగాయలూ తెచ్చుకోండి.

ఆ తర్వాతి రోజు 2,200కి కారు మాట్లాడుకుని తారాతరిణి అమ్మవార్ల గుడి, జౌగడ చూశాం. చైత్ర మంగళవారాలు తారాతరిణి కొండ మీద కాలు పెట్టడానికి చోటుండదు, రోప్‌వే ఉన్నా క్యూ తప్పదు. ఇంకో రోజు చూసుకుని వెళ్లండి. జౌగడకి మాత్రం తప్పకుండా వెళ్లండి. ఋషికుల్య ఒడ్డున రాతి మీద అశోకుడి శాసనం ఉంది. కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చారో, ఎంతమందిని చెరపట్టుకుపోయారో చెప్పే 13వ శాసనం ఇక్కడ చెక్కించలేదు. ఓడిన నేల మీదే ఆ లెక్క లేదు! దాని బదులు అధికారులకి రాయించిన ఆజ్ఞలున్నాయి, "మనుషులందరూ నా బిడ్డలే" అన్న మాట అందులోదే. 1837లో ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు బ్రాహ్మీ లిపి చదివి చెప్పేదాకా ఈ అక్షరాలు ఎవరికీ పలకలేదు. ఊళ్లో అడిగితే ఈ జౌగడ దుర్యోధనుడు పాండవుల కోసం కట్టించిన లక్కకోట అని చెబుతారు. రాజు రాతి మీద రాయించింది మరుగున పడింది, భారతంలో విన్నది నిలిచింది. మాకు ఆ రాయి దగ్గర వివరం చెప్పే మనిషి ఒక్కడూ దొరకలేదు. ఊచల సందుల్లోంచి చూసి వచ్చేశాం. అంత గొప్ప రాతిని అలా వదిలేయడం నాకు నిజంగా బాధ అనిపించింది.

తిరుగుదారి జీరంగ్, పర్లాకిమిడి మీదుగా పెట్టుకున్నాం. కారు 6,500, డ్రైవర్ మంచివాడు, దారంతా సాఫీ. జీరంగ్ ఉన్న చంద్రగిరి కొండల్లో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. దేశం వదిలి వచ్చినవాళ్లకి ఆ అడవి నేల ఇచ్చారు, మొక్కజొన్న పండించుకుని స్థిరపడ్డారు. 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం అక్కడే ఉంది. టిబెట్‌లో బౌద్ధాన్ని నిలబెట్టిన గురువు పద్మసంభవుడు. ఆయన పుట్టిన ఒడ్డియానం అనే దేశం ఈ ఒడిశానే అని కొందరు, పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ అని కొందరు. ఆ వాదన తేలకపోయినా, తమ గురువు నేల మీదే బతుకుతున్నామనే నమ్మకం వాళ్లకి ఎంత ధైర్యమో చూడండి. బరంపురం నేతవాళ్లు గుర్తొచ్చారు నాకు. ప్రవేశం ఉచితం, మోమోలు ప్లేటు 80. అత్తయ్య ముట్టుకోలేదు, ఉడికించిన మొక్కజొన్నతో సరిపెట్టుకుంది.

పర్లాకిమిడిలో ఎక్కువసేపు లేం. గిడుగు రామమూర్తి పంతులు గారు అధ్యాపకులుగా పనిచేసి, సవరల భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేసిన ఊరు అది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి అటు వెళ్లింది, జమీందారీలో మిగతా భాగం ఇటు మద్రాసులో ఉండిపోయింది. పంతులు గారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. గజపతి ప్యాలెస్ బయటినుంచే చూడనిచ్చారు.

మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, మన రాష్ట్రం. నీలమణి దుర్గమ్మ గుడిలో క్యూ సగం ఒడియావాళ్లే. అత్తయ్య ముందు నిలబడ్డ పర్లాకిమిడి ఆవిడతో గంటసేపు కబుర్లు చెప్పింది, ఇద్దరూ ఫోన్ నెంబర్లు కూడా తీసుకున్నారు. దర్శనానికి పొద్దున్నే వెళ్లండి, ఎండకి క్యూలో నీడ తక్కువ. శ్రీకాకుళం బస్సులు గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి, సాయంత్రం అయితే సీటు కష్టం.