టెక్సస్‌లో మన ఓటు: వేయాలా, మానాలా, దేనికి వేయాలి?

సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి వచ్చిన వారంలోపే మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది. "అన్నా, టెక్సస్‌లో ఎలాగూ రిపబ్లికన్లే గెలుస్తారు, మనం వేసినా, వేయకపోయినా ఒకటే కదా. ఇంక లైన్లో నిలబడటం ఎందుకు?" కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలు కూడా ఇదే అంటుంది, పార్టీ పేరు మాత్రం మారుతుంది. ఇన్నేళ్లుగా ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతూ వచ్చాను. ఈసారి రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. గ్రీన్‌కార్డు మీద, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఈ చర్చే లేదు. ఏదో ఫారంలో పొరపాటున టిక్కు పెట్టి ఓటరుగా నమోదైనా, రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అని అడుగుతారు. పౌరులు కానివాళ్లు ఓటు వేస్తే దేశం నుంచి పంపేసేదాకా వెళ్లొచ్చు. పౌరసత్వం చేతికి వచ్చేదాకా ఆ గడి జోలికి పోకండి.

ఇక అసలు విషయం. ఓటు మానేసేవాళ్లందరినీ బద్ధకస్తులని నేను తీసిపారేయను. 2024 అధ్యక్ష ఎన్నికలో ఓటు హక్కు ఉన్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది వేశారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు వేయలేదు. అమెరికా లెక్కల్లో ఇది ఎక్కువ పోలింగ్ కిందే లెక్క. అధ్యక్షుడి పేరు లేని 2014లో అయితే 37 శాతం కూడా రాలేదు. 2016లో ఓటరు జాబితాలో పేరుండి కూడా వేయనివాళ్లను జనగణన శాఖ కారణం అడిగితే, దాదాపు నాలుగో వంతు మంది అభ్యర్థులో, ప్రచారమో నచ్చలేదన్నారు. మిగతావాళ్లవి మనకు తెలిసిన కారణాలే. పని, ఒంట్లో బాగోలేకపోవడం, ఆసక్తి లేకపోవడం, ఊళ్లో లేకపోవడం.

పద్ధతి కూడా కష్టమైనదే. ఎన్నిక నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం. 1845లో చేసిన చట్టం అది. దేశమంతటికీ సెలవు లేదు. మన దగ్గర బూత్ లెవల్ ఆఫీసర్ ఇంటికొచ్చి పేర్లు సరిచూసుకుంటాడు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో పేరు ఎక్కించుకునే పని ఓటరుదే. టెక్సస్‌లో అయితే ఎన్నికకు 30 రోజుల ముందే ఆ పని అయిపోవాలి. నా విషయంలో జరిగింది ఇదే. ఇర్వింగ్‌లో ఉండగా నమోదయ్యాను. తర్వాత ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం, కౌంటీ (మన జిల్లా లాంటిది) మారింది. కౌంటీ మారితే మళ్లీ నమోదు కావాలన్న సంగతి తట్టేసరికి గడువు దాటిపోయింది. పౌరుడినయ్యాక వచ్చిన మొదటి ఎన్నికలో ఓటు వేయలేకపోయాను. ఆ రోజు సాయంత్రం ఆఫీసులో అందరి చొక్కాల మీదా "నేను ఓటేశాను" స్టిక్కర్లు చూస్తుంటే పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

ఓటరు జాబితా చూసి కోర్టులో కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి పిలుస్తారన్న భయంతో పేరే ఎక్కించుకోనివాళ్లు మన సర్కిల్‌లో కొందరున్నారు. టెక్సస్‌లో జ్యూరీ పేర్లు డ్రైవింగ్ లైసెన్స్ జాబితా నుంచి కూడా తీస్తారు. ఓటరు కాకపోయినా ఉత్తరం వస్తుంది. కాబట్టి ఆ కారణం పనికిరాదు.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అన్నదానికి మాత్రం నిజాయితీగా జవాబు చెప్పాలి. 2024లో టెక్సస్‌లో ట్రంప్‌కు వచ్చిన ఆధిక్యం 15 లక్షల పైచిలుకు. కాలిఫోర్నియాలో కమలా హ్యారిస్ ఆధిక్యం దాదాపు 32 లక్షలు. మెయిన్, నెబ్రాస్కా తప్ప ఎక్కడైనా రాష్ట్రంలో గెలిచినవాళ్లకే, అధ్యక్షుడెవరో తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో ఆ రాష్ట్రం వాటా అంతా పోతుంది. కాబట్టి టెక్సస్‌లోనే ప్లేనోలో ఉన్న మా బావ అధ్యక్షుడికి వేసే ఓటు వల్ల ఫలితం మారదు. ఈ విషయంలో ఆయనతో నేను వాదించను.

అదే మా బావ జార్జియాలో ఉంటే లెక్క వేరు. 2020లో ఆ రాష్ట్రం మొత్తం మీద తేడా 11,779 ఓట్లు. అట్లాంటాకు ఉత్తరాన కమింగ్, జాన్స్ క్రీక్ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్లకు అది ఎంత చిన్న సంఖ్యో నేను చెప్పక్కర్లేదు. 2016లో మిషిగన్‌లో తేడా 10,704. 2000లో ఫ్లోరిడాలో 537, దానితోనే అధ్యక్షుడెవరో తేలిపోయింది. ఇలాంటి రాష్ట్రాల్లో ఉండి ఓటు మానేయడాన్ని మాత్రం నేను ఏ రకంగానూ సమర్థించలేను.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది అధ్యక్షుడి గురించి కాదు. మనవాళ్లు వేయాలా మానాలా అని ఒకే ప్రశ్నగా అడుగుతారు. నా దృష్టిలో దేనికి వేయాలన్నదే పెద్ద ప్రశ్న. ఎన్నిక ఎంత చిన్నదైతే ఓటు అంత బరువు. మనం చేసేది దానికి సరిగ్గా తలకిందులు. నాలుగేళ్లకోసారి వేడి మీద వెళ్లి బ్యాలెట్‌లో పైనుండే అధ్యక్షుడి గడి నింపుతాం, మిగతా ఎన్నికలకు ఇల్లు కదలం.

వర్జీనియాలో 2017లో రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలో 94వ నియోజకవర్గంలో రిపబ్లికన్, డెమొక్రాట్ అభ్యర్థులిద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కించారు, కోర్టుకు వెళ్లారు, ఒక్క బ్యాలెట్ మీద వాదించుకున్నారు. చివరికి 2018 జనవరిలో ఒక గిన్నెలో రెండు పేర్లు వేసి చీటీ తీశారు. ఆ చీటీతో వంద మంది సభలో రిపబ్లికన్లకు 51, డెమొక్రాట్లకు 49 అయింది. ఆ రోజు పని ఉందని ఆగిపోయినవాళ్లలో ఒక్కరు కదిలి డెమొక్రాట్‌కు వేసి ఉంటే సభ చెరి యాభైగా చీలిపోయేది. 2020లో అయోవా రెండో నియోజకవర్గంలో పార్లమెంటు సీటు ఆరు ఓట్లతో తేలింది, దాదాపు నాలుగు లక్షల ఓట్లలో.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి రండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇంటి పన్ను బిల్లులో పెద్ద వాటా సాధారణంగా ప్రభుత్వ బడులను నడిపే స్కూలు డిస్ట్రిక్ట్‌దే. ఆ రేటు ఎంత, కొత్త బడులకు అప్పు చేయాలా, ఏ బడి మూసేయాలి, ఏ బడి సరిహద్దు మార్చాలి, ఇవన్నీ చూసేది స్కూల్ బోర్డు. దానికి ఎన్నికలు చాలా ఊళ్లలో మే నెల మొదటి శనివారం జరుగుతాయి, సిటీ కౌన్సిల్‌తో పాటే. శనివారం, లైను లేదు, పార్కింగ్ ఉంది. అయినా వేసేవాళ్లు కొద్దిమందే. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూసి, దానికోసం ఓ యాభై వేలు ఎక్కువైనా పెడతారు. ఆ స్కూలును నడిపేవాళ్లను ఎన్నుకునే రోజు మాత్రం క్రికెట్ లీగ్‌కో, గుడిలో కల్యాణానికో వెళ్తారు. రెండూ చేసుకోవచ్చు, ముందస్తు పోలింగ్ కూడా ఉంటుంది. ఈ మాట మా కమ్యూనిటీలో చెప్పి చెప్పి నా గొంతు నొప్పెట్టింది, అయినా చెబుతూనే ఉంటాను.

పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ప్రైమరీ మార్చిలో జరుగుతుంది, అదీ అంతే ముఖ్యం. టెక్సస్‌లో ఓటరు నమోదుకు పార్టీ అవసరం లేదు, ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. ఒక పార్టీ కంచుకోటగా ఉన్న నియోజకవర్గంలో నవంబరు నాటికి తేలాల్సింది ఏమీ మిగలదు, ఎవరు గెలుస్తారో మార్చిలోనే తేలిపోతుంది.

అధ్యక్ష అభ్యర్థులు నచ్చనప్పుడు ఆ పై గడి ఖాళీగా వదిలేసి కిందివన్నీ నింపడం ఇంకో దారి. ఇది చాలామందికి తెలియదు. అన్నీ నింపాలన్న నిబంధన లేదు, ఖాళీ వదిలినా మిగతావి లెక్కలోకి వస్తాయి. గాజా విషయంలో ఒక పార్టీ మీద, వలసల విషయంలో ఇంకో పార్టీ మీద మనసు విరిగి ఇంట్లో కూర్చున్న స్నేహితులు నాకున్నారు. వాళ్ల బాధ నిజమైనదే. కానీ ఆ కోపంలో జడ్జీలనూ, కౌంటీ పోలీసు అధికారి అయిన షెరిఫ్‌నూ, రైల్‌రోడ్ కమిషనర్‌నూ కూడా వదిలేశారు. టెక్సస్‌లో జడ్జీలను మనమే ఎన్నుకోవాలి. రైల్‌రోడ్ కమిషన్ పేరులో రైలున్నా, అది చూసేది చమురు, గ్యాస్ వ్యవహారాలు. ఇంట్లో కూర్చోవడం కంటే ఈ దారి ఎన్నో రెట్లు మేలు.

మన నోటా లాంటిది ఇక్కడ ఒక్క నెవాడాలోనే ఉంది, 1975 నుంచి. మూడో పార్టీకి వేయడమంటారా, 1992లో రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు, ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు. మనసుకు తృప్తినిస్తుందంటే వేయండి.

గెలుపు లెక్క ఒక్కటే చూసుకుని ఎవరూ ఓటుకు రారన్నది కూడా నిజం. 2006లో మిషిగన్‌లో పరిశోధకులు కొన్ని ఇళ్లకు ఉత్తరాలు పంపారు. మీ వీధిలో ఎవరు ఓటు వేశారో, ఎవరు వేయలేదో అందులో రాసి, ఎన్నిక తర్వాత మళ్లీ పంపుతామన్నారు. ఉత్తరం అందని ఇళ్లలో పోలింగ్ దాదాపు 30 శాతం, అందిన ఇళ్లలో దాదాపు 38. మనం ఎవరికి వేశామన్నది రహస్యం, వేశామా లేదా అన్నది మాత్రం రికార్డులో ఉంటుంది. పార్టీలు ఆ జాబితా చూసే ఎవరి తలుపు తట్టాలో నిర్ణయించుకుంటాయి. వరసగా వేయని వీధికి ఎవరూ రారు. మన సమస్యలు ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడే మనం ఈ ఒక్క విషయం తలకెక్కించుకోవాలి.

2024 మే 13న ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది, హైదరాబాద్ నుంచి బస్సులు పట్టుకుని సొంతూళ్లకు వెళ్లి వేశారు జనం. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా వేయలేదు. ఊళ్లో తమను ఎరిగినవాళ్లు, తమకు కావాల్సిన పని ఉన్నచోట మనవాళ్లు కదులుతారు. ఇక్కడ అలాంటి చోటు స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్.

మా చెల్లెలికి ఇదంతా చెబితే, "సరే అన్నయ్యా, ఒక్కటే వేయగలను అనుకో, ఏది వేయమంటావు?" అంది. తన కాలిఫోర్నియా అయినా, నా టెక్సస్ అయినా నా సమాధానం ఒకటే. అధ్యక్షుడి గడి వదిలేయ్, పిల్లల బడిదీ, ఊరిదీ వదలొద్దు. తను ఇప్పుడు బ్యాలెట్ ఇంటికి రాగానే వెనక పేజీ నుంచి మొదలుపెడుతోంది. నేను నమూనా బ్యాలెట్ ప్రింట్ తీసి, ఒక్కో పేరు వెతికి, పక్కన పెన్నుతో గుర్తులు పెట్టుకుని వెళ్తాను. టెక్సస్‌లో పోలింగ్ గదిలో ఫోన్ తీయకూడదు, కాగితం మాత్రం తీసుకెళ్లొచ్చు. పోయిన మేలో నాకు లోపల పట్టింది ఆరేడు నిమిషాలు.