వాలీబాల్ కోచ్ ఉద్యోగానికి రెజ్యూమె రాయించుకున్నాను: ఆ సర్వీసు ఎలా ఉందంటే

రెజ్యూమె రాసిపెట్టే ఒక ఆన్‌లైన్ సర్వీసును వాలీబాల్ కోచ్ ఉద్యోగం కోసం వాడాను. పేరు రాయడం లేదు. కోచింగ్‌లో ఉన్నవాళ్లు ఇలాంటి ఏ సర్వీసుకు వెళ్లినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలని నా ఉద్దేశం.

వాళ్ల దగ్గర రెండు ప్లాన్లున్నాయి. ఒకటి, మనమే ఫారం నింపితే సాఫ్ట్‌వేర్ టెంప్లేట్‌లో పోసి ఇచ్చేది. రెండోది, ఒక రైటర్ ఫోన్ చేసి మాట్లాడి రాసేది. నేను రెండోది తీసుకున్నాను. పెట్టిన డబ్బుకు నిజంగా విలువ దక్కింది ఆ ఫోన్ కాల్‌లోనే. ఆవిడకు వాలీబాల్ గురించి పెద్దగా తెలియదు, ఆ మాట ముందే చెప్పేశారు. కానీ ఒక మంచి ప్రశ్న అడిగారు: "పిల్లలు మీ దగ్గరికి వచ్చేటప్పటికి వాళ్లకు ఏం రాదు, వెళ్లేటప్పటికి ఏం వస్తుంది?"

కోచ్ ఉద్యోగానికి రెజ్యూమె అంటే ఈ ప్రశ్నకు జవాబే. నేను సర్వీస్ రిసీవ్ గురించి, అంటే అవతలి జట్టు సర్వ్ చేసిన బంతిని అందుకోవడం గురించి చెప్పాను. మా అండర్-16 అమ్మాయిల జట్టులో ప్రతి రిసీవ్‌కీ 0 నుంచి 3 వరకు మార్కు వేసి పుస్తకంలో రాసేవాళ్లం. సెట్టర్ (స్మాష్ కొట్టేవాళ్లకు బంతి ఎత్తి ఇచ్చే అమ్మాయి) ఎటైనా సెట్ చేయగలిగేలా బంతి వస్తే 3, నేరుగా పాయింట్ పోతే 0. సీజన్ మొదట్లో జట్టు సగటు 1.4, చివరికి 1.9. ఆవిడ ఇదంతా ఓపిగ్గా విన్నారు, రాసుకున్నారు.

అయినా మొదటి డ్రాఫ్ట్ చూసి నిరాశపడ్డాను. పైనే "క్రీడాకారుల నైపుణ్యాలను పెంపొందించడంలో అపార అనుభవం, లక్ష్యసాధన పట్ల అంకితభావం" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అది ఈత కోచ్‌కూ సరిపోతుంది, సేల్స్ మేనేజర్‌కూ సరిపోతుంది. రిసీవ్ సంగతి ఎక్కడో రెండో పేజీలో, అంకెలు లేకుండా ఉంది. నేను పట్టుబడితే ఆ వాక్యం తీసేసి, దాని స్థానంలో ఏ వయసువాళ్లు, ఎంతమంది, వారానికి ఎన్ని సెషన్లు, ఏం మారింది అన్నవి పెట్టారు. రెండే లైన్లు. చదివినవాళ్లకు నేను కోర్టులో ఏం చేస్తానో వెంటనే అర్థమవుతుంది.

ఇంకో చోట గట్టిగానే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ఒక క్లబ్‌లో నేను అసిస్టెంట్ కోచ్‌ని. ఆ ఏడాది జట్టు టోర్నమెంట్ గెలిచింది. డ్రాఫ్ట్‌లో "జట్టును విజేతగా నిలిపారు" అని రాశారు. అక్కడ హెడ్ కోచ్ వేరే మనిషి, ఆయన పేరే నా రిఫరెన్సుల్లో మొదట ఉంది. ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుందన్నది అలా ఉంచండి, ఆయన చేసిన పనిని నా ఖాతాలో రాసుకోవడం నాకు అసలు ఇష్టం లేదు. "అసిస్టెంట్ కోచ్, రిసీవ్, డిఫెన్స్ సెషన్ల బాధ్యత" అని మార్పించాను.

ఈ సర్వీసులో అన్నిటికంటే పెద్ద లోటు సర్టిఫికెట్ల విషయం. నా ఎఫ్‌ఐవీబీ (అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య) లెవెల్ 1 కోర్సును "వాలీబాల్ శిక్షణ కోర్సు" అని రాసి వదిలేశారు. కోచ్‌ను తీసుకునేవాళ్లు ముందు చూసేదే అది: ఏ సంస్థ, ఏ లెవెల్, ఏ సంవత్సరం, ఇప్పటికీ చెల్లుతుందా. ఫుట్‌బాల్‌లో అయితే యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ కోచింగ్ లైసెన్సు మూడేళ్లే చెల్లుతుంది, ఆ లోపు 15 గంటల శిక్షణ పూర్తిచేస్తేనే రెన్యువల్. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ సర్టిఫికెట్లు కూడా చాలావరకు రెండేళ్లకే అయిపోతాయి. కాబట్టి గడువు తేదీ రాయకపోతే ఆ లైన్ సగమే. పిల్లల భద్రత కోర్సు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల అడెల్ అనే శిక్షణ వెబ్‌సైట్‌లో చేసిన డోపింగ్ నిరోధక కోర్సు, వీటికి వాళ్ల టెంప్లేట్‌లో చోటే లేదు. అడిగాక విడిగా ఒక భాగం పెట్టి, మొదటి పేజీలోకే తెచ్చారు. మార్పులు చేయడంలో మాత్రం ఎక్కడా విసుక్కోలేదు, చెప్పిన టైముకే పంపారు.

డిజైన్ చూడ్డానికి అందంగా ఉంది, పనికి మాత్రం అడ్డం. రెండు కాలమ్‌లు, పక్కన "లీడర్‌షిప్"కి ఐదు నక్షత్రాలు. పెద్ద సంస్థలు చాలావరకు దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తాయి, కాలమ్‌లు ఉంటే అది ఒక్కోసారి తికమకపడుతుంది. మీరే పరీక్షించుకోవచ్చు: పీడీఎఫ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. నాదాంట్లో సీపీఆర్ తేదీ వెళ్లి క్లబ్ పేరు మధ్యలో పడింది. ఒకే కాలమ్‌లో మళ్లీ చేయించుకున్నాను, నక్షత్రాలు తీయించాను.

జట్టు ఫొటో పెడితే ఆకట్టుకుంటుందని వాళ్లు సలహా ఇచ్చారు. దీనికి మాత్రం ఒప్పుకోకండి. అందులో ఉన్నది మైనర్ పిల్లలు. ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో తెలియని కాగితం మీద వాళ్ల ముఖాలూ పేర్లూ ఉండకూడదు. తల్లిదండ్రులు పిల్లల్ని మన మీద నమ్మకంతోనే కోర్టుకు పంపిస్తారు.

నా ఆటగాడి రోజుల గురించి అర పేజీ రాశారు, రెండు లైన్లకు కుదించాను. బాగా ఆడినవాళ్లందరూ బాగా నేర్పలేరని తీసుకునేవాళ్లకు తెలుసు.

మొత్తం మీద అయిదుకు మూడున్నర ఇస్తాను. ఫోన్‌లో మాట్లాడే ప్లాన్ అయితేనే తీసుకోండి. ఫారం నింపే ప్లాన్‌లో ఆ ప్రశ్న అడిగే మనిషే ఉండరు, అప్పుడు ఉచితంగా దొరికే మామూలు డాక్యుమెంట్ టెంప్లేటే నయం. కాల్‌కి ముందు సర్టిఫికెట్లు, సెషన్ ప్లాన్లు, మార్కులు రాసుకున్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. చివర్లో పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. స్కూల్ ఉద్యోగానికి పిల్లల భద్రత లైన్లు పైకి, క్లబ్ ఉద్యోగానికి సీజన్ ఫలితాలు పైకి మనమే జరుపుకోవాలంటే ఆ ఫైల్ ఉండాల్సిందే.